కొమ్మకు వేలాడదీసిన మందు

గున్‌వోర్ బ్రెక్కెన్‌కి రోత పుట్టించడం చాలా తేలిక. మా లోయలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. స్కూల్లో టీచర్ల గదిలో సింకు పక్కన తడిముద్దలా పడి ఉండే గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి చెత్తబుట్టలో పడేసేది. కొత్త గుడ్డ తెచ్చి పెట్టేది. వారం తిరక్కుండా అదీ కంపు కొట్టేది, దాన్నీ పడేసేది. ఎవరో తాగి వదిలేసిన కప్పు అడుగున పాలు విరిగి కనబడితే, ఆ కప్పుని తీసుకెళ్ళి ఆ మనిషి బల్ల మీదే, సరిగ్గా పుస్తకాల మధ్యన పెట్టి వచ్చేది. మాటా పలుకూ ఉండేది కాదు. ఏ కప్పు ఎవరిదో ఆమెకి తెలుసు.

"మూతిముడుపు గున్‌వోర్" అని వెనకాల పేరు పెట్టారు. ఆ పేరు తనదాకా రాలేదని వాళ్ళ నమ్మకం. ఎప్పుడో వచ్చింది.

దుంగలు తోలే మనిషి కూతురు ఆమె. లోయ పైభాగాన, ఇళ్ళు ఆగిపోయే చోట పుట్టింది. ఆ ఇంట్లోంచి టీచరు చదువు చదివిన మొదటి మనిషి. చదువు అయ్యాక అందరూ ఓస్లో దారి పడితే ఈమె తిరిగి వచ్చి, తను అక్షరాలు దిద్దిన స్కూల్లోనే చేరింది. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే ఒద్‌లేవ్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన నోరు తెరవడమే తక్కువ. ఇద్దరికీ కుదిరింది.

ఆమెకి పిల్లలంటే పడదని కొత్తగా వచ్చిన టీచర్లు అనుకునేవాళ్ళు. శుద్ధ అబద్ధం. చీమిడి ముక్కులు, కక్కుకున్న స్వెట్టర్లు, తడి ఉన్ని సాక్సుల కంపు, రొట్టెకి రాసుకుని చెంపల మీద ఎండబెట్టుకున్న లివర్ పేస్టు, వీటిలో ఏదీ ఆమెని ఏమీ చేయలేదు. ఉత్త చేతులతో తుడిచేసేది. ఆమెకి రోత పుట్టేది పెద్దవాళ్ళని చూస్తేనే. అందులోనూ, తాము మంచివాళ్ళమని తమకి గట్టి నమ్మకం ఉన్న పెద్దవాళ్ళని చూస్తే. అలాంటివాళ్ళు మా ఊళ్ళో లెక్కకు మించి ఉన్నారు. నిజం చెప్పాలంటే, మేమందరం అలాంటివాళ్ళమే.

ఎల్డ్రి మూడో తరగతికి వచ్చిన ఏడు గున్‌వోర్ ఆ తరగతి టీచరు. ఎల్డ్రి బక్కపలచటి పిల్ల, ముందు పళ్ళ మధ్య సందు, స్కీల మీద మాత్రం పిడుగు. ఆ పిల్లకి హేజెల్‌నట్ పడదు. పడదంటే ఒళ్ళు దురద పెట్టి ఊరుకోవడం కాదు. పసితనంలో క్రిస్మస్ బిస్కెట్టు కొరికితే గొంతు మూసుకుపోయి చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. అప్పట్నుంచీ రెండు ఇంజెక్షన్ పెన్నులు ఆ పిల్ల ఎక్కడుంటే అక్కడ ఉండాలి. తొడ మీద గట్టిగా పొడిస్తే సూది దానంతటదే దిగి మందు లోపలికి పోతుంది, ఊపిరి తిరిగి వస్తుంది. స్కూల్లో ఆ రెండూ ఒక ఎర్ర సంచిలో ఉండేవి. ఆ సంచి ఎక్కడుందో అందరికీ తెలియాలి, అందులోంచి ఏదీ బయటికి తీయకూడదు. అది స్కూలు నియమం. తరగతి గదికైతే మంచి నియమమే.

ఆగస్టులో స్కూలు తెరిచేముందు నర్సు వచ్చి పాఠం చెప్పింది. సూది లేని బొమ్మ పెన్ను ఒకటి తెచ్చి చేతికీ చేతికీ అందించింది. అందరూ తమ తొడల మీద తామే పొడుచుకున్నారు, కెవ్వుమన్నారు, పడీపడీ నవ్వారు. ఆటల టీచరు యార్దార్ అయితే నాలిక బయట పెట్టి, కళ్ళు తేలేసి, కుర్చీలోంచి జారి కింద పడ్డాడు. యార్దార్ అంటే ఊరంతటికీ ఇష్టం. ఆరడుగుల మనిషి, పెద్ద గడ్డం, పెద్ద గొంతు. ఎవరింట్లో పైకప్పు మంచు దించాలన్నా పిలవకుండానే వస్తాడు. ఆ రోజూ అందరూ చప్పట్లు కొట్టారు. నర్సు కూడా నవ్వేసింది, పాపం, ఆమెకి ఇంకో రెండు స్కూళ్ళకి వెళ్ళాలి.

"లేచి మళ్ళీ పడు, యార్దార్," అంది గున్‌వోర్. "ఈసారి చిన్నగా పడు. ఎనిమిదేళ్ళ పిల్ల అంత పెద్ద చప్పుడు చేస్తూ పడదు."

గది చల్లబడిపోయింది. "అబ్బా గున్‌వోర్, నువ్వు మరీనూ! సరదాగా నేర్చుకుంటే బుర్రకెక్కుతుంది కదా," అంది హెడ్‌మిస్ట్రెస్ హెర్బోర్గ్. ఈ హెర్బోర్గ్‌కి ఎవరినీ నొప్పించకపోవడం ఒక్కటే వచ్చిన పని. ఆ తరవాత కేకు కోశారు. సూదితో పొడిచాక ఏం చేయాలి, పిల్లని పడుకోబెట్టాలా నడిపించాలా అని గున్‌వోర్ ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. వాటిలో రెండు పిల్లని చంపేవే. నోరు నిండా కేకు పెట్టుకుని మరీ చెప్పారు. వాళ్ళ పెదాల మీద తెల్లటి క్రీము చూస్తూ కూచోలేక లేచి వెళ్ళిపోయింది.

అసలు గొడవ స్కీ రోజు దగ్గర వచ్చింది. ఏటా చలికాలం మధ్యలో స్కూలు మొత్తం కొండ మీదికి పోతుంది. పెద్దాచిన్నా అందరూ. ఆ రోజు రానివాడు మనిషి కిందే లెక్క కాదు మా దగ్గర. పిల్లలు ఆ రోజు గురించి ముందు నెల నుంచీ, ఆ తరవాత నెల దాకా మాట్లాడుకుంటారు. ఎల్డ్రి మాత్రం మొదటి తరగతిలోనూ వెళ్ళలేదు, రెండో తరగతిలోనూ వెళ్ళలేదు. "అమ్మ తోడు వస్తే తప్పకుండా తీసుకెళ్తాం" అన్నారు. ఎంత తియ్యటి మాటో చూడండి, కాదు అన్నది ఎక్కడా లేదు. తల్లి తూరున్ వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తుంది, ఆ రోజుల్లో అక్కడ మనిషి దొరకడమే కష్టం. అలా రెండేళ్ళూ అందరికన్నా బాగా స్కీ చేసే పిల్ల ఆశ్రమం వంటగదిలో కూచుని ముసలాళ్ళతో పేకాడింది.

ఈసారి గున్‌వోర్ ఆ పిల్లకి మాటిచ్చింది. ఎల్డ్రి పెన్సిల్ చెక్కుతూ, తలెత్తకుండా, "నేను మళ్ళీ అమ్మ దగ్గరికేనా?" అని అడిగింది.

"ఎందుకే? కాళ్ళు విరిగాయా?"

"లేదు."

"అయితే వస్తున్నావు. నేను చెబుతున్నా కదా."

పిల్ల పెన్సిల్ అలా చెక్కుతూనే ఉంది, మొనంతా పోయేదాకా.

జనవరి మీటింగులో గున్‌వోర్ విషయం ఎత్తింది. "సంచి బయట పెడితే మందు గడ్డకడుతుంది. ఆ రెండు పెన్నులూ నాకివ్వండి. స్వెట్టర్ లోపల, ఒంటికి ఆనించి పెట్టుకుంటా."

"కానీ సంచిలోంచి తీయకూడదు కదా," అంది హెర్బోర్గ్. "అది అందరం కలిసి పెట్టుకున్న నియమం. నువ్వొక్కదానివే పెట్టుకుంటే, నువ్వు కనబడకపోతే ఎవరిని అడగాలి?"

"నన్ను వెతకండి. ఎర్ర టోపీ పెట్టుకుంటా."

నవ్వారు. అప్పుడు యార్దార్ చెయ్యెత్తాడు. "ఎందుకమ్మా ఇంత రభస? సంచి నా వీపున వేసుకుంటా, పైన పెద్ద జాకెట్టు తొడుక్కుంటా. నా ఒంటి వేడికి వెన్న కరుగుతుంది, మందెంత! దించితే నన్నడుగు."

అందరికీ అది నచ్చింది. నియమం నిలబడింది, ఎవరికీ నొప్పి తగల్లేదు. గున్‌వోర్ కాసేపు గొణిగి ఊరుకుంది. ఎందుకు ఊరుకుందంటే, మూతిముడుపు మనిషిగా బతికీ బతికీ ఆమె కూడా అలసిపోయింది. పైగా యార్దార్ మాట తప్పే మనిషని ఎవరూ అనలేరు.

స్కీ రోజున ఎండ కాసింది, చలి కొరికింది. గాలి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు అంటుకుపోయేంత చలి. ఇలాంటి రోజు కోసమే కదా బతుకుతాం అని ఒకరికొకరు చెప్పుకుంటూ కొండెక్కారు. చలిలో ఏం చేయాలో మా వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బ్యాటరీ చస్తుందని ఫోన్లు చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటారు. గడ్డకట్టి రాయవుతుందని నారింజపండుని ఉన్ని సాక్సులో చుడతారు. చాక్లెట్టు పళ్ళు విరిగేంత గట్టిబడుతుందని ఛాతీకి ఆనించి పెట్టుకుంటారు. తల్లిపాలతో వచ్చిన తెలివి అది.

ఎల్డ్రి పొద్దున్నుంచీ నేల మీద లేదు. వాలు మీద మొదట దిగింది తనే, మళ్ళీ పైకెక్కింది తనే. వాలు మధ్యలో అమర్చిన మంచు గుట్ట మీంచి ఎగిరి, గాల్లో కర్రలు రెండూ పైకెత్తి, కేక పెట్టి దిగింది. మిగతా పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. "ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందిరా!" అన్నాడొకడు. గున్‌వోర్ వాలు అడుగున నిలబడి, పడ్డవాళ్ళని లేపుతూ, ఎవరికీ కనబడకుండా నవ్వుకుంది.

పైన, దుంగలతో కట్టిన పాక ముందు యార్దార్ నిప్పు రాజేసి వాఫుల్స్ కాలుస్తున్నాడు. ఇనప పెనం బరువు, పొగ, పిండి గిన్నె. వంగినప్పుడల్లా వీపు మీది సంచి జాకెట్టు లోపల మెడ మీదికి జారుతోంది. జాకెట్టు విప్పి సంచి తీసి, ఎదురుగా ఉన్న స్ప్రూస్ చెట్టు కొమ్మకి తగిలించాడు. అందరికీ కనబడాలి కదా! నీడ పడే వైపు కొమ్మ అది. జాకెట్టు మళ్ళీ తొడుక్కున్నాడు. తల్లిదండ్రుల సంఘం పంపిన డబ్బాల్లో జామ్ ఉంది, బ్రౌన్ చీజ్ ఉంది, హేజెల్‌నట్‌తో చేసిన చాక్లెట్ ముద్ద కూడా ఉంది. ఎల్డ్రి తన తిండి ఇంటి నుంచి పెట్టెలో తెచ్చుకుని, ఓ పక్క దుంగ మీద కూచుని తింటోంది.

ఆ తరవాత జరిగింది గున్‌వోర్‌కి పిల్లలే చెప్పారు. యార్దార్‌కి ఆ పిల్లని చూసి జాలేసింది. అందరికీ వేడివేడి వాఫుల్స్, ఈ పిల్లకి ఎండు రొట్టె. ఒకటి ప్రత్యేకంగా కాల్చాడు, జామ్ రాసి తెచ్చిచ్చాడు. ఎల్డ్రి తీసుకోలేదు. "ఆ కత్తితోనే చాక్లెట్ రాశావు కదా?" అంది.

"మంచులో కడిగేశా తల్లీ! చూడు, తళతళలాడుతోంది. ఇంతకన్నా శుభ్రం ఎక్కడుంటుంది?"

అది మా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన మూఢత్వం. గిన్నె మసి, చేప పొలుసు, బిడ్డ ముడ్డి, అన్నిటికీ మంచే. మంచులో ఓ రెండు సార్లు గుచ్చి తీస్తే పాపం కూడా పోతుందనుకుంటాం. చల్లటి మంచులో నూనె ముద్ద పోదని, కత్తికి ఇంకా గట్టిగా పట్టుకుంటుందని వంట చేసే ఏ మనిషికైనా తెలియాలి. తెలిసినా గుర్తు రాదు. పిల్ల ఇంకా వెనకాడుతుంటే ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడట. అంత పెద్ద మనిషి, అంత ప్రేమగా కాల్చి తెస్తే! ఆయన మొహం చూసి ఆ పిల్ల కొరికింది.

గున్‌వోర్ పైకి వచ్చేసరికి ఎల్డ్రి మెడ గీరుకుంటోంది. పొడి దగ్గు. పెదాలు ఉబ్బాయి.

"గున్‌వోర్, నా నాలిక పెద్దదైపోతోంది," అంది. గొంతు ఆ పిల్లది కాదు, బొంగురుగా ఎవరిదో ముసలిదానిది.

"సంచి!" అని అరిచింది గున్‌వోర్. "యార్దార్, సంచి!"

"అదిగో," అన్నాడు యార్దార్ కొమ్మ చూపిస్తూ. "అక్కడే ఉంది, అందరికీ కనబడేలా పెట్టా."

సంచి బకిల్ మీద తెల్లగా మంచు పట్టి ఉంది. గున్‌వోర్ దాన్ని కొమ్మ నుంచి లాక్కుని వచ్చింది. ఎల్డ్రిని మంచు మీద పరిచిన జింక తోలు మీద కూచోబెట్టి, వీపు తన ఒడికి ఆనించి, కాళ్ళు చాపించింది. మొదటి పెన్ను తీసి తొడ మీద, ప్యాంటు మీంచే, బలమంతా పెట్టి పొడిచింది. లోపల ఏదో కీచుమంది. తీసి చూస్తే సూది ఒంగింది, పెన్ను పక్కనున్న చిన్న అద్దంలో మందు తెల్లగా గడ్డకట్టి ఉంది. ఒక్క చుక్క దిగలేదు.

రెండో పెన్ను అద్దం కూడా తెల్లగానే ఉంది. దాన్ని పొడవలేదు. జాకెట్టు జిప్పు లాగి, స్వెట్టరు, ఉన్ని బనీను ఎత్తి, ఆ మంచుకడ్డీని చంకలో పెట్టుకుని చెయ్యి బిగించింది. చలికి ఒళ్ళంతా జివ్వుమంది. రెండో చేత్తో ఎల్డ్రి తల పట్టుకుంది.

యార్దార్ చొక్కా లోపలి జేబులోంచి ఫోను తీశాడు. వెచ్చగా ఉంది ఫోను, బ్యాటరీ నిండుగా ఉంది. అవతల అత్యవసర వైద్యం వాళ్ళ ఆడమనిషి గొంతు అందరికీ వినబడింది. "మందు ఇచ్చారా?"

"ఇచ్చాం," అన్నాడు. "అంటే, ఇవ్వలేదు. అది గడ్డకట్టింది. కానీ నేను కత్తి మంచులో కడిగాను, నిజంగా కడిగాను..."

"కత్తి సంగతి ఎవడడిగాడు? ఎక్కడున్నామో చెప్పు!" అంది గున్‌వోర్.

ఎల్డ్రి ఊపిరి ఈల వేస్తోంది. ప్రతి ఈలకీ భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. చుట్టూ స్కూలు పిల్లలంతా గుండ్రంగా నిలబడి చూస్తున్నారు, చేతుల్లో వాఫుల్స్ అలాగే ఉన్నాయి. వాళ్ళ వెనక టీచర్లు కూడా అలాగే నిలబడి చూస్తున్నారు. ఆగస్టులో తొడలు పొడుచుకుని నవ్విన ఆ మొహాలే. ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఒకాయన, "నీళ్ళు తాగించండి," అన్నాడు. ఇంకొకాయన, "లేపి నడిపిస్తే గాలి ఆడుతుందేమో," అన్నాడు.

"పిల్లల్ని అవతలికి తీసుకుపోండి!" గున్‌వోర్ గొంతు చీలిపోయింది. "ఆ పనైనా చేయండి! ఇదేమన్నా నాటకమా?"

అప్పుడు కదిలారు. ఎల్డ్రి కళ్ళు పైకి తిరిగిపోతుంటే గున్‌వోర్ మాట్లాడుతూనే ఉంది. నువ్వు ఎగిరిన ఎగురు చూశానే, కర్రలు అంత పైకెత్తకూడదు, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి, నీకు చెబుతా ఉండు, ఇటు చూడు, నన్ను చూడు. చంకలో కడ్డీ వెచ్చబడుతోందో లేదో తెలియలేదు. చంకే మొద్దుబారిపోయింది. చెమట వాసన, పొగ వాసన, కాలిన పిండి వాసన. చూద్దామని తీస్తే వేడి పోతుందని భయం. తీయకపోతే పిల్ల పోతుందని భయం.

ఒకసారి తీసి చూసింది. అద్దంలో ఇంకా తెలుపు. మళ్ళీ పెట్టుకుంది. ఎల్డ్రి పెదాలు బిల్‌బెరీ పళ్ళు తిన్నట్టు నీలంగా అయ్యాయి. ఈల ఆగిపోయింది, ఆగిపోవడం మంచిది కాదని ఆమెకి తెలుసు. రెండోసారి తీసింది. మందు తేటగా ఉంది, పెన్ను వంచితే చిన్న బుడగ కదిలింది.

పొడిచింది. పట్టి ఉంచింది. తన పళ్ళు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు తనకే వినబడింది.

మొదట ఏమీ కాలేదు. ఆ తరవాత పిల్ల ఒక పెద్ద ఊపిరి లాగింది, కక్కింది, మళ్ళీ లాగింది, ఏడవడం మొదలుపెట్టింది. గున్‌వోర్ జీవితంలో అంత మంచి ఏడుపు వినలేదు. కక్కిందంతా ఆమె బనీను మీద పడింది. దాన్ని తుడుచుకోవాలని కూడా తోచలేదు. హెలికాప్టర్ వచ్చేదాకా ఇద్దరూ అలాగే అతుక్కుని కూచున్నారు.

ఎల్డ్రి బతికింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని పంపించారు.

మర్నాడు సాయంత్రం స్కూల్లో మీటింగు. హెర్బోర్గ్ బల్ల మధ్యన కొవ్వొత్తి వెలిగించింది. ఎందుకో ఎవరికీ తెలీదు, చచ్చింది ఎవరూ లేరు. మెత్తటి గొంతుతో మాట్లాడింది. కష్టకాలంలో మనందరం ఒకరికొకరం తోడున్నాం అంది. మందు ఉండాల్సిన చోటే ఉంది అంది. ఫోను వెంటనే చేశాం అంది. "మొత్తం మీద చూసుకుంటే మన ఏర్పాటు పనిచేసింది."

"ఏది పనిచేసింది?" అంది గున్‌వోర్. "నా చంక పనిచేసింది."

ఎవరూ నవ్వలేదు. యార్దార్ మొహం చేతుల్లో దాచుకుని భోరుమన్నాడు. అంతే, కుర్చీలన్నీ అటు జరిగాయి. ఒకామె మెడ చుట్టూ చెయ్యి వేసింది, ఒకాయన వీపు నిమిరాడు, ఎవరో కాగితం రుమాలు ఇచ్చారు. ఎవరికైనా జరిగేదే, నీ తప్పేం లేదు, నువ్వు ప్రేమగానే ఇచ్చావు. పాపం, రాత్రంతా కునుకు పట్టలేదట.

"ఎల్డ్రికి పట్టిందా?" అని అడిగింది గున్‌వోర్. "ఎవరైనా అడిగారా?"

"నీకు మనసనేది లేదా?" అంది యార్దార్ పక్కనున్నామె. "మనిషి ఎంత కుమిలిపోతున్నాడో కనబడ్డం లేదా?"

కనబడింది. గున్‌వోర్ అంతా చూసింది. కన్నీళ్ళు, ముక్కు నీళ్ళు, గడ్డంలో చిక్కుకున్న రుమాలు ముక్కలు, చుట్టూ చేరిన ఓదార్పు చేతులు. తప్పు చేసిన మనిషి ఏడవకూడదని ఆమె అనలేదు. కానీ ఆ గదిలో అందరూ ఒక నీళ్ళ తొట్టిలో దిగి ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నట్టు ఉంది, ఆ నీళ్ళు ఎప్పటివో ఎవరూ మార్చలేదు. ఆమె లేచి కిటికీ తెరిచింది.

ఆఖర్న తీర్మానం చేశారు. ఇకమీదట బయటికి వెళ్ళే ప్రతిసారీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల వెంట తల్లో తండ్రో రావాలి. అందరి చేతులూ లేచాయి. గున్‌వోర్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అంటే అంతా చేసి తేల్చింది ఇదన్నమాట. మందు ఎక్కడ పెట్టుకోవాలో తేల్చలేదు, పిల్లని ఎక్కడ పెట్టాలో తేల్చారు.

ఇంటికెళ్తే ఒద్‌లేవ్ సూప్ వేడి చేస్తున్నాడు. "చెప్పావా?"

"చెప్పా."

"మరి?"

"ఏడ్చారు."

ఒద్‌లేవ్ ఆలోచించి, "నవ్వినా ఏడ్చినా ఒకటే పనన్నమాట," అన్నాడు.

తరవాతి వారం కొట్లో తూరున్ కనబడింది. బంగాళాదుంపల దగ్గర నిలబడి ఉంది, కళ్ళ కింద నలుపు. గున్‌వోర్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తరవాత, "యార్దార్ వచ్చాడు మా ఇంటికి. ట్యులిప్ పూలు తెచ్చాడు," అంది.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? సోఫాలో కూచుని ఏడ్చాడు. ఎల్డ్రి వెళ్ళి పక్కన కూచుని అతని వీపు నిమిరింది. 'ఫరవాలేదు యార్దార్, నాకేం కాలేదు కదా' అంటోంది నా కూతురు. నేను కాఫీ పెట్టిచ్చా. ఎందుకు పెట్టానో నాకే తెలీదు, గున్‌వోర్. అతని మొహాన పోయాల్సింది."

"పోయాల్సింది," అంది గున్‌వోర్.

మార్చిలో ఎండ ముదిరి మంచు పైపొర గట్టిపడ్డాక, తరగతిని మళ్ళీ కొండ మీదికి తీసుకెళ్ళడానికి ఒక రోజు పెట్టారు. దానికి రెండ్రోజుల ముందు హెర్బోర్గ్ గున్‌వోర్ గదిలోకి తొంగిచూసింది. మొహం వెలిగిపోతోంది. "ఎల్డ్రి విషయం తేలిపోయిందిలే. తనే వచ్చి చెప్పింది, స్కీ అంటే ఇప్పుడు అంత ఇష్టం లేదట, లైబ్రరీలో బొమ్మలేసుకుంటుందట. ఎంత బుద్ధిమంతురాలో చూశావా? ఈ వయసుకే ఎంత అర్థం చేసుకుందో!"

గున్‌వోర్ తలుపు వేసేసింది. హెర్బోర్గ్ మొహం ఇంకా తలుపులోనే ఉన్నట్టుంది, చూసుకోలేదు.

మధ్యాహ్నం బడి వదిలాక ఎల్డ్రిని ఆపింది. పిల్ల బూట్ల తాళ్ళు ముడేస్తోంది, చాలా శ్రద్ధగా, ముడి మీద ముడి.

"స్కీ ఇష్టం లేదా నీకు?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

పిల్ల ముడి విప్పింది. మళ్ళీ వేసింది. "నేను వస్తే యార్దార్ ఏడుస్తాడు. నన్ను చూసినప్పుడల్లా ఏడుపు మొహం పెడతాడు. వరండాలో కనబడితే కౌగిలించుకుంటాడు, గడ్డం గుచ్చుకుంటుంది. అప్పుడు అందరూ నన్నే చూస్తారు." తాడు బిగించి, "నేను రాకపోతే ఆయన కూడా బాగుంటాడు," అంది.

గున్‌వోర్ కిందికి వంగి, ఆ పిల్ల ఎదురుగా నేల మీద చతికిలబడింది. తడి బూట్లు, ఇసక, కరిగిన మంచు మురికి. స్కర్టు తడిసింది. ఊరు ఊరంతటి మీదా వచ్చిన రోత గొంతుదాకా వచ్చింది. ఆ పిల్ల ముందు దాన్ని మింగేసుకుంది.

"చూడవే. మందు నా ఒంటి మీదే ఉంటుంది, ఇక్కడ. ఎవరు చేతులెత్తినా దించినా సరే, దాన్ని నేను తీయను. నీ తిండి నీ పెట్టెలో ఉంటుంది, ఎవడు ఏ మొహం పెట్టినా నువ్వు ముట్టుకోవు. ఇక మిగిలింది యార్దార్ ఏడుపే కదా?"

ఎల్డ్రి తలూపింది.

"ఏడవనీ," అంది గున్‌వోర్. "ఏడిస్తే ఎవరూ చావరు."